కిలియన్ బీరులో నీళ్లు

మా హోల్‌బ్రున్ ఊళ్లో కిలియన్ పేరెత్తితే చాలు, యుద్ధం రోజుల్లో బీరులో నీళ్లు కలిపినవాడే కదా అంటారు. అలా అనేవాళ్లలో సగం మంది అప్పటికింకా పుట్టలేదు. పుట్టినవాళ్లు ఆ మాట విని తలాడిస్తారు. నేనూ ఇన్నాళ్లు ఆడించాను. నీళ్లు కలిశాయని సిలువ మీద చెయ్యి పెట్టి చెప్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఆడించక తప్పింది కాదు. ఇప్పుడు ఆ సంగతి తెలిసినవాళ్లందరూ పోయారు. నాకూ డెబ్భై ఎనిమిది దాటాయి. ఇంకా ఎవరికి భయపడాలో తెలియడం లేదు.

నా పేరు ఎండ్రెస్. పీపాలు కట్టడం నా పని. కిలియన్ కాచిన బీరు నలభై ఏళ్లపాటు నా పీపాల్లోనే నిలవుంది. మనిషి పొట్టి, మెడ లావు, మాట తక్కువ. బార్లీ గురించి అడిగితే తప్ప నోరు విప్పేవాడు కాదు, విప్పితే మూసేవాడు కాదు. కోపం వస్తే పైకి ఏమీ అనడు, చెవులు మాత్రం ఎర్రబడతాయి. ఇప్పుడతని సమాధి చర్చి గోడకు దూరంగా, చూరు నీళ్లు పడని చోట ఉంటుంది. ఆ చోటు అతనే అడిగి మరీ పెట్టించుకున్నాడు.

మా ఊళ్లో కొత్త బీరు అమ్మాలంటే ముందు దానికి పరీక్ష జరగాలి. అందుకు ప్రమాణం చేసిన మనుషులు ఇద్దరుంటారు. నేనొకణ్ణి, మిల్లు నడిపే గంగోల్ఫ్ ఇంకొకడు. చెక్క బల్ల మీద ఒక కూజాడు బీరు ఒంపి, మేమిద్దరం తోలు లాగులు తొడుక్కుని ఆ తడిలో కూర్చోవాలి. గంటసేపు కదలకూడదు. గంట అయ్యాక ఇద్దరం ఒక్కసారి లేస్తాం. బల్ల లాగులకు అంటుకుని మాతోపాటు లేస్తే బీరు చిక్కనిది. అప్పుడు కాచినవాడు గుమ్మం మీద దేవదారు కొమ్మ కట్టుకుని అమ్ముకోవచ్చు. బల్ల నేల మీదే ఉండిపోతే బీరంతా వీధిలో పారబోస్తారు, ఏడాదిపాటు కొమ్మ కట్టనివ్వరు. ఆ గంటసేపూ గంగోల్ఫ్ తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పేవాడు. ఇరవై మూడేళ్లు విన్నాను. అతని మోకాళ్లు నాకు నావాటి కన్నా బాగా తెలుసు.

కిలియన్ బీరుకు బల్ల లేవని ఏడాది లేదు. ఒక ఏడాదైతే మేమిద్దరం లేచిన విసురుకు బల్లతో సహా వెనక్కి పడ్డాం.

ఇంత పేరున్న మనిషిని ఊళ్లో ఒక్క మనిషే వేళాకోళం చేసేది. కిలియన్ అన్న పెళ్లాం, అపొలోనియా. అన్న చిన్న వయసులోనే పోయాడు. ఆవిడ మంత్రసాని. నాతో సహా మా ఊరి పిల్లల తండ్రులందరూ ఆవిడకు భయపడేవాళ్లు. రోజూ సాయంత్రం మట్టి కూజా పట్టుకుని మరిది గుమ్మంలోకి వచ్చి, నింపించుకుని, అక్కడే ఒక గుక్క తాగి ఒక మాట అనేసి పోయేది.

"మరిదీ, బావికి పోయే పని తప్పించావు. నీళ్లు ఇక్కడే దొరుకుతున్నాయి."

ఇంకో రోజు, "ఆవుకు పెట్టే కుడితి ఇంతకన్నా చిక్కగా ఉంటుందిగా," అనేది. కిలియన్ చెవులు ఎర్రబడేవి. ఒక్క మాట తిరిగి అనేవాడు కాదు. ఆవిడ వెళ్లాక మాత్రం నన్ను పట్టుకుని, ఈసారి బార్లీ ఎంత పోశాడో, ఎంతసేపు కాచాడో మొదట్నించీ చెప్పేవాడు. ఆవిడ రాని రోజు గుమ్మంలోకి నాలుగుసార్లు వచ్చి చూసేవాడు.

బీరులో నీళ్లంటే అతనికి ఎంత పట్టింపో ఒక్క సంగతి చెప్తాను. ఒకసారి చక్రవర్తి సైన్యం ఊళ్లో దిగింది. వాళ్ల సర్దారొకడు జనం ఎక్కువ, బీరు తక్కువ ఉందని లెక్కేసి, నీళ్లు పోసి పెంచమన్నాడు. కిలియన్ పొయ్యనన్నాడు. సర్దారు కర్రతో మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు పోయాయి. బీరులో చుక్క నీళ్లు పడలేదు. వారం రోజులు వదినే జావ కాచి పోసింది. పోస్తూ, "ఇదైనా చిక్కగా ఉంది చూడు," అంది.

ఆ రోజుల్లో మా ఊరిది ఏ మతమో పొద్దున్నే లేచి అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది. చక్రవర్తి మనుషులు వస్తే ఫాదరుగారు వచ్చి పూజ చెప్పేవారు, పిల్లలకు జ్ఞానస్నానం చేసేవారు. స్వీడన్ వాళ్లు వస్తే ఫాదరుగారు వెళ్లిపోయి పాస్టరుగారు వచ్చేవారు, పిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవారు. వీళ్లు దించిన చర్చి బొమ్మల్ని వాళ్లు ఎక్కించేవాళ్లు, వాళ్లు ఎక్కించినవాటిని వీళ్లు దించేవాళ్లు. మా నిచ్చెన మాత్రం అరిగిపోయింది. ఇంత చేసీ మా పందుల్ని తినేటప్పుడు ఇద్దరిదీ ఒకటే మతం.

పదహారు వందల ముప్పై రెండో ఏడు ఎండాకాలం రెండు సైన్యాలూ న్యూరెంబర్గ్ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాయి. కొట్టుకోలేదు, కూర్చున్నాయి. తిండి అయిపోయేసరికి చుట్టుపక్కల ఊళ్ల మీద పడ్డాయి. మా వైపు గుర్రాలు వస్తున్నాయని తెలిసి, చేతికందింది పట్టుకుని ఊరంతా కిలియన్ గుహలోకి దూరాం. బీరు చల్లగా ఉండటానికి కొండలో తొలిచిన గుహ అది. ముందు ముళ్లకంప అడ్డం పెడితే బయటికి కనపడదు. ముప్పై నలుగురం, మూడు రోజులు. తెచ్చుకున్న నీళ్లు మొదటి రోజే అయిపోయాయి. బావి ఊళ్లో ఉంది, ఊళ్లో సైనికులున్నారు. ఇక ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరం బీరే తాగాం. ఏడ్చే పిల్లలు కూడా తాగి పడుకున్నారు. బయటికి వినపడకుండా మమ్మల్ని కాపాడింది దేవుడని కొందరంటారు. నేను మాత్రం కిలియన్ అంటాను.

రెండో రోజు ఒటీలియాకు నొప్పులొచ్చాయి. ఆమె మొగుడు లూట్జ్‌ని ఫిరంగులు లాగడానికి పట్టుకుపోయి అప్పటికి రెండు నెలలు. మళ్లీ అతను రాలేదు, ఎక్కడ పోయాడో కబురూ రాలేదు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టాడు. గుహలో ఉన్నది ఒక్క కొవ్వొత్తి ముక్క. బిడ్డ ఊపిరి తీస్తున్నాడు గానీ, తీసిన ప్రతిసారీ ఇదే ఆఖరేమో అన్నట్టుంది. ఫాదరు లేనప్పుడు చచ్చిపోయేలా ఉన్న బిడ్డకు మంత్రసానే జ్ఞానస్నానం చెయ్యొచ్చు. అపొలోనియా చెయ్యి చాచి నీళ్లంది. ఎవరూ కదల్లేదు. ఎక్కణ్ణించి తెస్తారు? ఆవిడ ఇంకోసారి అడగలేదు. పక్కనున్న పీపా బిరడా తిప్పి, దోసిట్లో పట్టి, బిడ్డ తల మీద మూడుసార్లు పోసింది. చెప్పాల్సిన ప్రార్థన మాటలు చెప్పింది. లినార్ట్ అని పేరు పెట్టింది. కొవ్వొత్తి దగ్గరున్నది కిలియన్, నేను. మేం చూశాం. మిగతావాళ్లకు పీపా చప్పుడు వినపడింది. ఒటీలియాకు ఒంటి మీద స్పృహ లేదు. తెలివొచ్చాక బిడ్డ తడి తల నిమిరి, నీళ్లు పడ్డాయా అని అడిగింది. ఎవరో పడ్డాయన్నారు. బహుశా నేనే.

కొవ్వొత్తి కన్నా ముందే బిడ్డ పోయాడు.

సైనికులు పదకొండు ఇళ్లు తగలబెట్టి వెళ్లిపోయారు. మేం బయటికొచ్చాక ముందు చేసిన పని బిడ్డను పూడ్చడం. జ్ఞానస్నానం అయిన బిడ్డ కాబట్టి చర్చి గోడ లోపలే. చోటు అపొలోనియా చూపించింది. ఉత్తరం వైపు, సరిగ్గా చూరు కింద. పసిపిల్లల్ని అక్కడ పెట్టడం మా దగ్గర ఉన్నదే. దేవుడి ఇంటి కప్పు మీంచి జారిన నీళ్లు వాళ్ల మీద పడితే మంచిదంటారు. అందుకే ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ తర్వాత వాన పడ్డప్పుడల్లా ఆవిడ నెత్తిన గుడ్డ కూడా వేసుకోకుండా వెళ్లి అక్కడ నిలబడేది. పెదవులు కదులుతుండేవి. ఎందుకో నాకు తెలుసు. కిలియన్‌కూ తెలుసు. మేమిద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తుకోలేదు.

ఒటీలియా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మొగుడి సమాధి ఎక్కడో తెలియదు. ఇల్లు కాలిపోయింది. ఆమెకంటూ మిగిలింది చూరు కింద ఆ రెండు జానల నేల. ప్రతి ఆదివారం వచ్చి కలుపు పీకేది. కలుపు లేకపోయినా పీకేది.

ఏళ్లు గడిచాయి. యుద్ధం అయిపోయిందన్నారు. ఎవరు గెలిచారో మాకెవరూ చెప్పలేదు. మా ఊరు మాత్రం ఫాదర్ల వైపు ఉండిపోయింది. అయిపోయిన మూడో ఏడు బిషప్పుగారి దగ్గర్నించి తనిఖీకి ఒక ఫాదరుగారు వచ్చారు. బక్కమనిషి, ఎప్పుడూ జలుబు. ఒక లావుపాటి పుస్తకం, ఒక ఈక. మా దీపపు స్తంభాలు చూశారు, మా ఫాదరుగారి చదువు చూశారు, నా నడవడి గురించి నా పెళ్లాన్నడిగారు. చివరికి మంత్రసానిని పిలిచారు. ఆవిడ సిలువ మీద చెయ్యి పెట్టి, ఇన్నేళ్లలో తను చేసిన జ్ఞానస్నానాలన్నీ చెప్పాలి. ఏ బిడ్డకు, ఏ మాటలతో, ఏ నీళ్లతో. ఊరంతా చర్చిలో కూర్చుంది. వినడానికి వేరే కథలు లేవు మాకు.

అపొలోనియాకు అప్పటికి డెబ్భై నిండాయి. వరసగా చెప్పుకుపోయింది. బావి నీళ్లు, కరిగిన మంచు, ఒకసారి గుర్రపు డెక్క గుంటలో నిలిచిన నీళ్లు. తనిఖీ ఫాదరుగారు రాసుకుంటున్నారు.

"పదమూడోది ఒటీలియా బిడ్డ లినార్ట్. బీరుతో," అంది ఆవిడ.

ఈక ఆగింది. నీళ్లు లేవంది ఆవిడ. మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని ఫాదరుగారు అడిగితే, మధ్యలో వచ్చిన పాస్టరుగారు ఏ మాటలన్నావని అడిగారు గానీ దేంతో చేశావని అడగలేదనీ, అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ననీ అంది. ఆ తర్వాత చూరు నీళ్ల సంగతి కూడా చెప్పింది. పంతొమ్మిదేళ్లుగా ప్రతి వానకూ అక్కడ నిలబడి ఆ మాటలు మళ్లీ మళ్లీ చెప్తున్నానంది. ఫాదరుగారు విసుక్కోలేదు. నీళ్లు పడాల్సింది ఊపిరున్న బిడ్డ మీదని చెప్పారు. జ్ఞానస్నానం కానట్టే లెక్క. జ్ఞానస్నానం కాని బిడ్డ పవిత్రమైన నేలలో ఉండకూడదు. తవ్వి గోడ అవతల పెట్టాలి.

ఒటీలియా ఏడవలేదు. లేచి బయటికి నడిచింది. తెరిచిన తలుపులోంచి మాకు కనపడుతూనే ఉంది. తిన్నగా వెళ్లి ఆ రెండు జానల నేల మీద కూర్చుంది. తవ్వేవాళ్లు ముందు ఆమెను తవ్వాలి. నాకు ఆ క్షణం ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టాలనిపించింది. ఆ మాట ఇప్పుడు చెప్తున్నాను, అప్పుడు చెప్పలేదు.

ఫాదరుగారు చెడ్డమనిషి కాదు. ముక్కు తుడుచుకుని, తలుపు వైపు కాసేపు చూసి, పుస్తకంలో రెండు పేజీలు తిరగేశారు. నీళ్లలో ఇంకేదైనా కలిసినా, నీళ్లే ఎక్కువుంటే అది నీళ్ల కిందే లెక్కట. ఆ రోజు ఆ పీపాలో ఉన్నది ఎలాంటి బీరో చెప్పగలవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

గుహలో మూడు రోజులు ఆ బీరు తాగినవాళ్లు పాతికమంది దాకా అక్కడే ఉన్నాం. రెండో రోజు సాయంత్రానికి గంగోల్ఫ్ తన మేకకు సంసారంలోని కష్టసుఖాలు చెప్పుకున్నాడు. అది ఎలాంటి బీరో అందరికీ తెలుసు. అందరం నేల చూశాం.

కిలియన్ లేచాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"నీళ్లే ఫాదరుగారూ," అన్నాడు.

ఎంత అని అడిగారు ఫాదరుగారు.

"ఆ ఏడు బార్లీ దొరకలేదండి. కాచిన బీరులో మూడు వంతులు బావి నీళ్లు పోశాను. ఆ పీపాలో బీరు వాసనుంది గానీ బీరు లేదు."

ప్రమాణం చేస్తావా అన్నారు. వెళ్లి సిలువ మీద చెయ్యి పెట్టాడు. పరీక్ష చేసినవాళ్లెవరని అడిగారు. గంగోల్ఫ్‌ని లేపి నిలబెట్టాం. ఆ ఏడు బల్ల లేవలేదు, నా మోకాళ్లూ లేవలేదు అన్నాడు. నా వంతొచ్చింది. లేవలేదన్నాను. అప్పుడెందుకు పారబోయించలేదంటే, సైనికులున్నారు, తాగడానికి అదే గతి అన్నాను.

ఫాదరుగారు అపొలోనియా వైపు తిరిగారు. ఆవిడ చెయ్యి ఇంకా సిలువ మీదే ఉంది. ఆవిడ అబద్ధం ఆడదు. ఆడగలిగితే ఇంత దూరం వచ్చేదే కాదు.

"నీ మరిది బీరు సంగతి నీకు తెలుసా?"

ఆవిడ కిలియన్ వైపు తల తిప్పింది.

"దాన్ని నీళ్లని ముప్పై ఏళ్లుగా రోజూ అంటూనే ఉన్నాను ఫాదరుగారూ. కావాలంటే ఊళ్లో ఎవర్నైనా అడగండి."

అడిగారు. అవును, అనేది, మా చెవుల్తో విన్నాం అని ఊరంతా ఒక్క గొంతుతో చెప్పింది. ఆ ఒక్కటీ నిజం కాబట్టి గట్టిగా చెప్పాం. ఫాదరుగారు రాసుకున్నారు. బిడ్డ ఉన్నచోటే ఉంటాడన్నారు. ముందు రోజు రాత్రి భోజనంలో ఆయన కిలియన్ బీరు రెండు కూజాలు తాగారు. మెట్లెక్కించడానికి ఇద్దరు సాయం పట్టాల్సొచ్చింది. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

అయితే నీళ్లు కలిపిన బీరుకు కొమ్మ కట్టి అమ్మిన నేరం ఒకటి మిగిలిపోయింది. ఒప్పుకున్నవాడు ఒప్పుకున్నాక ఊరి కట్టుబాటు ఊరి కట్టుబాటే. కిలియన్ గుమ్మం మీది కొమ్మ తీసేశారు. పీపాలన్నీ వీధిలోకి దొర్లించి పారబోశాం. నా పీపాలు, నా చేత్తోనే. మధ్యాహ్నానికల్లా ఊరి కుక్కలన్నీ పడి నిద్రపోయాయి. నీళ్లు తాగి అలా నిద్రపోయే కుక్కల్ని నేనెక్కడా చూడలేదు.

ఆ ఏడాది కిలియన్ మిల్లులో మూటలు మోశాడు. ఎన్నాళ్లనుంచో అతని బీరు కోసం నడిచొచ్చే పక్క ఊళ్ల వాళ్లు, దారిలో కనపడితే బావి ఎలా ఉందని అడిగేవాళ్లు. తలొంచుకుని పోయేవాడు. దానికన్నా లోపల బాధ వేరే ఉంది. సిలువ మీద అబద్ధం ఆడాడు. ఆ పాపాన్ని ఫాదరుగారి దగ్గర చెప్పుకుంటే ముందు ఆ అబద్ధం వెనక్కి తీసుకోమంటారు, బిడ్డ గోడ అవతలికి పోతాడు. అందుకని ప్రతి ఈస్టరుకూ వెళ్లి మిగతా పాపాలన్నీ చెప్పుకుని అదొక్కటీ మింగి వచ్చేవాడు. నాదీ అదే పాపం, కానీ నేను ఎప్పటినించో కొన్ని మింగడం అలవాటైన మనిషిని. అతను కాదు.

అపొలోనియా మాత్రం రోజూ సాయంత్రం కూజా పట్టుకుని వచ్చేది, అలవాటు కొద్దీ. ఖాళీ కూజా పక్కన పెట్టుకుని గుమ్మంలో కాసేపు కూర్చుని వెళ్లేది.

"ఎండ్రెస్, వదిన ఏమీ అనట్లేదురా," అన్నాడు కిలియన్ ఒకరోజు.

"అనడానికి బీరేదిరా?"

"అందుక్కాదురా."

ఏడాది తిరిగింది. కిలియన్ మళ్లీ కాచాడు. పరీక్ష రోజు వీధిలో బల్ల వేశాం. గంగోల్ఫ్ చలికాలంలో పోయాడు. అతని చోట కూర్చుంటామని ఎవరూ ముందుకు రాలేదు. పక్క ఊళ్లనించి మాత్రం చాలామంది వచ్చారు, చూసి నవ్వుకోవడానికి. కిలియన్ కూజా పట్టుకుని బల్ల పక్కన ఒక్కడే నిలబడ్డాడు. నేనొక్కణ్ణే కూర్చుంటే చెల్లదు.

అప్పుడు అపొలోనియా వీధి మలుపు తిరిగింది. చచ్చిపోయిన మొగుడి తోలు లాగు తొడుక్కుంది. అది ఆవిడకు రెండింతలు. తాడుతో కట్టుకుని, పైన లంగా ఎత్తి చెక్కుకుంది. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి. ఆడవాళ్లు కూర్చోకూడదని ఎవరో గొణిగారు. నీ తల బయటికి లాగింది నేనే, కావాలంటే తిరిగి తోసేస్తానంది ఆవిడ.

కిలియన్ బీరు ఒంపాడు. ఆవిడ నా పక్కన కూర్చుంది. ఎండ నెత్తిన పడుతోంది. గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్కసారి కదల్లేదు. ఆవిడ మోకాళ్ల గురించి నాకేమీ తెలియదు. ఒటీలియా వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. కిలియన్ మాత్రం గుమ్మంలో నిలబడి బల్ల వైపు చూడకుండా తన గుమ్మం పైన ఖాళీ మేకు వైపు చూశాడు.

గంట కొట్టారు. లేచాం. బల్ల మాతోపాటు లేచింది.

నేను తోలు లాగు తాడు విప్పుకుని, దాన్ని బల్లకే వదిలేసి బయటికి జారిపోయాను, అది నా అలవాటు. ఆవిడ విప్పుకోలేదు. బల్ల వెనకాల వేలాడుతుండగానే నాలుగడుగులు వేసి, పక్క ఊళ్ల వాళ్లందరి ముందునించీ నడిచి, మరిది గుమ్మం దగ్గర ఆగింది. ఖాళీ కూజా ముందుకు చాచింది. కిలియన్ నింపాడు. ఆవిడ అక్కడే ఒక గుక్క తాగింది.

"నీళ్లు మరిదీ. ఉత్త నీళ్లు," అంది.

కిలియన్ చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు కూడా. వంగి, వదిన లాగుకు అంటుకున్న బల్లను రెండు చేతులా పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. అది ఒక పట్టాన ఊడి రాలేదు. ఒటీలియా లేచి వచ్చి రెండో చివర పట్టుకుంది.